సింగడి మంద

వేదాచలానికి పైకి చెప్పుకోలేని బాధ ఒకటుండేది. ఎవరైనా "స్వామీ, తమరిది ఏ ఆశ్రమం?" అని అడిగితే "నెమళ్ళకోన" అని చెప్పక తప్పేది కాదు. చెప్పగానే అవతలివాళ్ళ మొహంలో నవ్వు పూసేది. "ఓహో, కుక్కల తాత శిష్యులా!" అనేవాళ్ళు.

వినడానికి ఎలా ఉంటుంది చెప్పండి? ఆయన చిన్నాచితకా మనిషి కాదు. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వదులుకుని ఏడేళ్ళ కిందట కోనకు వచ్చాడు. పది ఉపనిషత్తులు నోటికి వచ్చు. గొంతు విప్పితే మైకు అక్కర్లేదు. చుట్టుపక్కల ఏ ఊళ్ళో సప్తాహం జరిగినా ఆఖరి రోజు ఉపన్యాసం ఆయనదే. అటువంటి మనిషికి ఆశ్రమంలో అప్పగించిన పని, ముసలి కుక్కల్ని చూసుకోవడం.

గురువు ఓబులయ్య తాతకు అదొక అలవాటు. ఎక్కడ ఏ ముసలి కుక్క దిక్కులేక పడి ఉందని తెలిసినా పోయి తెచ్చుకునేవాడు. కుక్కపిల్లల్ని మాత్రం తెచ్చేవాడు కాదు. ఎందుకని అడిగితే, "పిల్లల్ని ఎవురైనా సాకుతారప్పా. ముద్దుగుంటాయి కదా. ముసిలోళ్ళను ఎవురడుగుతారు?" అనేవాడు.

అలా చేరినవి అప్పటికి తొమ్మిది. రైళ్ళు ఆగడం మానేసిన స్టేషనులో ఒంటరిగా మిగిలిపోయిన గుడ్డి గౌరి. పట్నంవాళ్ళు ఇల్లు మారుతూ రోడ్డు మీద దించేసి పోయిన తెల్లబొచ్చు కుక్క. దాని అసలు పేరు ఎవరికీ తెలియదు గనుక రాణెమ్మ అయింది. ఒకప్పుడు అడవిపందుల్ని తరిమి, ఇప్పుడు కోడిపెట్ట ఎదురొస్తే పక్కకు తప్పుకునే వేటకుక్క భీముడు. మిగతావీ ఇలాంటివే.

వాటి పళ్ళు అరిగిపోయాయి కాబట్టి సంగటిని మజ్జిగలో మెత్తగా పిసకాలి. ఆముదం గోరువెచ్చగా కాచి కీళ్ళకు మర్దన చేయాలి. చెవుల్లో గోమార్లు ఏరాలి. పడుకునే గోనెపట్టాలు రోజూ ఎండలో వేయాలి. వేదాచలం ఏ పనికీ వంక పెట్టలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి, మనసు మాత్రం ఎక్కడో వేదిక మీద శాలువా కప్పుకుని కూర్చునేది.

ఇంతలో ఎర్రొంకపల్లి వాళ్ళు తమ ఊళ్ళో చిన్న మఠం కట్టుకున్నారు. అక్కడ ఉండి నాలుగు మంచిమాటలు చెప్పే గురువును పంపమని తాతకు కబురు చేశారు. వచ్చే సోమవారం పెద్దలు స్వయంగా వచ్చి అడుగుతారట. ఆ కబురు విన్నప్పటినుంచి వేదాచలానికి కాలు ఒకచోట నిలవలేదు. ఏడేళ్ళుగా ఆయన ఎదురుచూస్తున్నది దీనికోసమే మరి.

బుధవారం పొద్దున తాత అరుగు మీద కూర్చుని రాణెమ్మ చెవిలో గోమార్లు ఏరుతున్నాడు. వేదాచలం వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తాతా, నలుగురిని నడిపించే యోగ్యత నాకు వచ్చిందంటారా?"

తాత ఒక గోమారిని గోటితో తీసి ఆముదం గిన్నెలో వేశాడు. రాణెమ్మ తనంతట తానే రెండో చెవి తిప్పింది. తాత ఏం చెప్పేవాడో గానీ, అంతలో బయట గొర్రెల గంటలు వినిపించాయి.

ఆశ్రమం చుట్టూ నడుమెత్తు రాతిగోడ. దానికి ఒకటే దారి, ఆ దారికి ముళ్ళకంపతో కట్టిన తడిక. తడిక అవతల పెద్ద గొర్రెల మంద ఆగి ఉంది. ముందు నిలబడిన కాపరి పేరు బీరప్ప. గొర్రెపిల్లను మోసినట్టు మెడ మీద అడ్డంగా ఒక నల్లకుక్కను మోస్తున్నాడు.

"సామీ, ముసిలి కుక్కల్ని పెట్టుకుంటారంట కదా?" అని అడిగాడు.

"దించప్పా, ముందు దించు. మెడ పట్టేస్తాది," అన్నాడు తాత.

కుక్క పేరు సింగడు. వయసు పదమూడు. వెనక కాళ్ళలో పట్టు పోయింది, ఒక కంట్లో పొర కమ్మింది. కొండ కింద గడ్డి ఎండిపోయి బీరప్ప మందను దూరంగా ఏటిదిక్కుకు తోలుకుపోతున్నాడు.

"పదమూడేండ్లలో ఒక్క పిల్లను తోడేలుకియ్యలేదు సామీ వీడు," అన్నాడు బీరప్ప. "ఇప్పుడు దినానికి రెండామడల నడక. రెండు దినాలు మెడమీద మోసినా. మెడమీదుండి కూడా కిందికి దుంకల్లనే సూస్తాడు, మందెనక నడవల్లని. నడిస్తే సస్తాడు. మోస్తాంటే నేను మందను సూడలేకపోతాండా."

అతను కుక్కను మెల్లగా దించి, దాని మెడ తాడు తాత చేతికిచ్చాడు. "మంచోడు సామీ. శానా మంచోడు." అంటూ వంగాడు. కుక్క ముక్కును ఒకసారి తన బుగ్గకు ఆనించుకున్నాడు. తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుని, వెనక్కి తిరిగి చూడకుండా మందను తోలుకుని వెళ్ళిపోయాడు.

గంటల చప్పుడు వినబడినంతసేపూ సింగడు తాడు చివర నిలబడి చెవులు నిక్కించి విన్నాడు. చప్పుడు ఆగిపోయాక కూడా చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

తాత ఆ తాడును వేదాచలం చేతిలో పెట్టాడు.

"నేను ఐదు దినాలు ఊర్లో ఉండనప్పా. ఆదోని దిక్కు మూతబడిన మిల్లులో ఒక ముసిలోడు ఒంటిగా ఉండాడంట, తెచ్చుకుంటా. నేనొచ్చేలోపల వీనికి నీ చేత్తో ముద్ద తినిపీ. అప్పుడు నీ మాటకు జవాబు చెప్తా."

వేదాచలానికి లోపల నవ్వొచ్చింది. ఏ కఠోరమైన దీక్షో చేయమంటాడేమోనని భయపడ్డాడు. ముద్ద తినిపించడమా! తొమ్మిది కుక్కలు రోజూ తన చేతి ముద్దే తింటున్నాయి. పదోది తినదా?

పదోది తినలేదు.

ఆ సాయంత్రం రాగిసంగటి మజ్జిగతో పెట్టాడు. సింగడు వాసన చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. మర్నాడు పాలతో పెట్టాడు, తర్వాత నెయ్యి వేసి పెట్టాడు, బెల్లం కలిపి పెట్టాడు. వంటచేసే సుంకమ్మ ఊళ్ళోకి పోయి, ఆశ్రమం పొయ్యి ఎన్నడూ చూడని కోడిగుడ్డు కొంగులో దాచి తెచ్చి, ఉడికించి నలిపి పెట్టింది. మిగతా తొమ్మిదీ చొంగ కార్చుకుంటూ వరసలో కూర్చున్నాయి గానీ సింగడు మాత్రం ముట్టలేదు. నీళ్ళు ఒక్కటే తాగేవాడు.

పశువుల డాక్టరు వచ్చి నోరు తెరిచి చూశాడు, పొట్ట నొక్కి చూశాడు. "జ్వరం లేదు, నోరు బాగుంది, కడుపూ బాగుంది. ఎందుకు తినడో నాకు అర్థం కావడం లేదు స్వామీ. ఇంకో నాలుగు రోజులు ఇలాగే ఉంటే మాత్రం కష్టం," అని వెళ్ళిపోయాడు.

వేదాచలానికి తల ప్రాణం తోకకొచ్చింది. తాత వచ్చేసరికి ముద్ద తినకపోతే యోగ్యత మాట అటుంచి, కుక్క చచ్చిపోయేలా ఉంది.

శుక్రవారం పొద్దుగూకే వేళ ఆయన అరుగు మీద తల పట్టుకుని కూర్చుని ఉండగా ఒక వింత చూశాడు. పగలంతా కదలకుండా పడుకున్న సింగడు లేచాడు. కాళ్ళు వణుకుతుంటే భజనమందిరం చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. ఒక చుట్టు తిరిగాడు, ఆగాడు, అటూ ఇటూ చూశాడు, మళ్ళీ ఒక చుట్టు. మూడో చుట్టు అయ్యాక తడిక దగ్గరికి పోయి కాసేపు దారికేసి చూసి, దారికి అడ్డంగా పడుకుని పెద్దగా నిట్టూర్చాడు.

"నిన్నా ఇదే చేసినాడు, మొన్నా ఇదే," అంది సుంకమ్మ చేటతో చెరుగుతూ.

వేదాచలం ఒళ్ళు జలదరించింది. ప్రదక్షిణం! అన్నం విడిచిపెట్టడం, మౌనం, సంధ్యవేళ గుడి చుట్టూ ప్రదక్షిణం. శాస్త్రాల్లో చదివినదంతా కళ్ళముందు నిలిచింది. ఇది కుక్క కాదు. ఎవరో మహానుభావుడు ఈ దేహంలో వచ్చి, చివరి రోజులని తెలిసి ప్రాయోపవేశం చేస్తున్నాడు.

ఆయన అబద్ధం ఆడలేదు, నిజంగానే నమ్మాడు. కాకపోతే నమ్మకంలో చిన్న సౌకర్యం కూడా ఉంది. మహానుభావుడు దీక్షలో ఉండి తినకపోతే, తినిపించలేకపోయినవాడి తప్పేముంది?

ఆ మాట సాయంత్రం భజనకు వచ్చిన భక్తులతో చెప్పాడు. ఆయన గొంతు తెలిసిందే కదా, ఇక చూసుకోండి. శనివారం పొద్దునకల్లా నాలుగు ఊళ్ళ జనం దిగారు. సింగడి మెడలో బంతిపూల దండ పడింది. నుదుట విభూతి పెట్టారు, వాడు నాలుగుసార్లు తుమ్మాడు. తుమ్మిన ప్రతిసారీ జనం చేతులు జోడించారు. ఎవరో కొబ్బరికాయ కొడితే ఆ చప్పుడుకు భీముడు భయపడి సుంకమ్మ చీర వెనక దాక్కున్నాడు. గుడ్డి గౌరి మాత్రం కొబ్బరి ముక్కలు ఏరుకుని తిని, ఆ రోజంతా చాలా సంతోషంగా గడిపింది.

"ఆకలితో సస్తాండేదానికి పూలదండ ఏంటికి సామీ?" అంది సుంకమ్మ.

"నీకు తెలియదు సుంకమ్మా. ఇది దీక్ష."

"దీక్షో, పాడో. నాకు ఎముకలు కనబడతాండాయి," అని ఆవిడ విసవిసా వంటింట్లోకి పోయింది.

ఆదివారం మధ్యాహ్నం జనం పలచబడ్డారు. వేదాచలం నీళ్ళ చెంబు తీసుకుని సింగడి పక్కన కూర్చున్నాడు. వాడు రెండు గుక్కలు తాగి, తల ఎత్తి ఉంచే ఓపిక లేక, గడ్డం తెచ్చి ఆయన పాదం మీద పెట్టాడు.

వేదాచలం చెయ్యి వాడి పక్కటెముకల మీద పడింది. ఒక్కొక్క ఎముకా చేతికి తగిలింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఆయనకు భయం వేసింది. తాతకు ఏం చెప్పాలన్న భయం కాదు, మఠం చేజారిపోతుందన్న భయమూ కాదు. ఈ బరువు రేపు తన పాదం మీద ఉండదేమోనన్న భయం. ఏడేళ్ళలో ఆయన ఏ కుక్క పక్కనా పనిలేకుండా కూర్చోలేదు. బంతిపూల దండ వాడి మెడకు గుచ్చుకుంటోందని అప్పుడు కనబడింది. మెల్లగా తీసేశాడు. చేతి గుడ్డ తడిపి విభూతి తుడిచేశాడు.

"తినరా నాయనా," అన్నాడు. "నాకోసం కాదు. నువ్వు తినరా."

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళూ వెయ్యిమందిని ఏడిపించిన ఉపన్యాసకుడు తాను ఏడవడం అదే మొదటిసారి.

సోమవారం సాయంత్రం ఎర్రొంకపల్లి పెద్దలు ముగ్గురు వచ్చి భజనమందిరం అరుగు మీద కూర్చున్నారు. వాళ్ళలో పెద్ద చౌడప్ప, పండిన మీసాలు, తెల్లటి పంచె. దీక్షలో ఉన్న కుక్కను చూడటానికి వచ్చిన జనం కూడా ముప్పైమంది దాకా ఉన్నారు. వేదాచలం పెద్దల్ని చూసి ఉతికిన కండువా భుజాన వేసుకున్నాడు. ఎంతైనా ఏడేళ్ళ ఆశ, ఒక్క మధ్యాహ్నంలో పోదు.

అంతలో తడిక ముందు షేర్ ఆటో ఆగింది. తాత దిగలేదు. దిగడానికి ఒళ్ళు ఖాళీగా లేదు. దూడంత ఎర్రకుక్క ఒకటి తాత కంబళి కప్పుకుని ఆయన ఒళ్ళో కూర్చుని, పళ్ళులేని నోరు తెరిచి లోకమంతా చూసి నవ్వుతోంది.

"ఈయన పేరు మేస్త్రి," అన్నాడు తాత. "దారి పొడుగునా నాకు చోటియ్యలేదు."

ఇద్దరు పట్టుకుని మేస్త్రిని దించారు. వేదాచలం తడిక తీసి ఎదురెళ్ళి తాత కాళ్ళకు దండం పెట్టి, ఐదు రోజుల సంగతీ చెప్పాడు. ముద్ద, నెయ్యి, కోడిగుడ్డు, డాక్టరు, ప్రదక్షిణం, దీక్ష, అన్నీ చెప్పాడు. దీక్ష మాట దగ్గర తాత కడుపు పట్టుకున్నాడు. నవ్వి నవ్వి ఆటో కడ్డీకి ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"నవ్వకండి తాతా," అన్నాడు వేదాచలం. "వాడు చచ్చిపోతున్నాడు."

తాత నవ్వు ఆగింది. శిష్యుడి మొహం ఒకసారి నిదానంగా చూశాడు.

"ముద్ద కలిపినావా?"

"కలిపాను. సుంకమ్మ దగ్గర ఉంది."

పొద్దు గుట్ట అంచుకు చేరింది. గోడలోపల సింగడు లేచి నిలబడ్డాడు. ముందుకంటే ఎక్కువ వణుకుతున్నాడు. మందిరం చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. జనం "గోవిందా" అన్నారు. వాడు ఆగి, ప్రతి మూలా చూసి, మళ్ళీ కదిలాడు.

తాత అది చూశాడు. మేస్త్రి మీది కంబళి తీసి తన తలమీద కప్పుకున్నాడు. తడిక అవతల దారి మధ్యలో నడుం వంచి, రెండు చేతులూ నేలకు ఆనించి, గొంతెత్తి అరిచాడు.

"మ్యా..."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డెబ్బై ఏళ్ళ గురువు నడిరోడ్డు మీద గొర్రె అయి కూర్చుంటే ఎవరైనా ఏమంటారు?

కానీ లోపల సింగడి చెవులు నిక్కాయి.

"ఏం సూస్తాండారు?" అన్నాడు తాత కంబళి కిందనుంచి. "రాండి అందరూ. ఒక్క గొర్రెతో మందవుతాదా?"

ముందు కదిలింది సుంకమ్మ. ముద్ద పళ్ళెం తడిక పక్క రాయి మీద పెట్టి, కొంగు నడుముకు చుట్టి, బయటికొచ్చి తాత పక్కన వంగింది. "మ్యా!" అంది, నిజం గొర్రెకన్నా బాగా. తర్వాత ఆశ్రమంలో ఉండే ఇద్దరు సాధువులు, ఆ తర్వాత పకపకా నవ్వుకుంటూ ఆడవాళ్ళు. చూస్తుండగానే ముప్పైమంది దారిలో వంగి మ్యామ్యా అంటున్నారు. ఆటో డ్రైవరు కూడా దిగొచ్చాడు. ఏం జరుగుతోందో తెలియకపోయినా తనొక్కడే మనిషిగా మిగలడం అతనికి నచ్చలేదు.

సింగడు తడిక దాటి బయటికి వచ్చాడు.

ఒక్క అరుపు అరిచాడు. బొంగురు గొంతు. ఐదు రోజుల్లో వాడి గొంతు ఎవరూ వినలేదు. వెనక కాళ్ళు ఈడ్చుకుంటూనే దూరంగా చుట్టి వచ్చి మంద వెనక నిలిచాడు. పక్కకు జరిగిన ఆటో డ్రైవరును ముక్కుతో పొడిచి లోపలికి నెట్టాడు. వెనకబడిన ఒక సాధువు పిక్క దగ్గర గుర్రుమన్నాడు. ఆయన గబగబా ముందుకు పాకాడు. సింగడు ఎడమ పక్కకు ఉరికాడు, కుడి పక్కకు తిరిగాడు. ఎక్కడినుంచి వచ్చిందో ఆ బలం. ఎముకల గూడులాంటి ఆ కుక్క, ముప్పైమందిని ఒక్కరు తప్పకుండా తడికలోంచి లోపలికి తోలింది. అరుగు మీది పెద్దలు మీసాలు తడుముకోవడం మర్చిపోయి చూస్తున్నారు.

సుంకమ్మ లోపలికి రాగానే పళ్ళెం అందుకుని సింగడి ముందు పెట్టింది. సింగడు ముద్ద వాసన చూశాడు. లోపలి జనాన్ని చూశాడు. తల తిప్పి బయటికి చూశాడు. ముద్ద ముట్టలేదు.

బయట ఆటో పక్కన వేదాచలం నిలబడి ఉన్నాడు.

ఆయన కదలలేకపోయాడు. ఎదురుగా అరుగు మీద ఎర్రొంకపల్లి పెద్దలు. రేపు తన కాళ్ళకు మొక్కాల్సినవాళ్ళు. భుజాన ఉతికిన కండువా. నలుగురిని నడిపించవలసిన మనిషి నలుగురి ముందు నాలుగు కాళ్ళ మీద నడుస్తాడా?

సింగడు మళ్ళీ తడిక దాటాడు. ఇప్పుడు వాడికి పరుగు లేదు. నాలుగడుగులు వేసి ఆగుతూ, ఊపిరి తీసుకుంటూ, వేదాచలం దాకా వచ్చాడు. ఆయన వెనక్కి చేరి, పిక్కకు ముక్కు ఆనించి నెట్టాడు. నెట్టడానికి వాడిలో బలం ఏముంది? ఆయన కదలలేదు. వాడు కోప్పడలేదు. అక్కడే, ఆయన వెనకే కూర్చుని ఎదురుచూశాడు.

లోపల పళ్ళెంలో ముద్ద ఉంది. ఐదు రోజులుగా ఏమీ తినని కుక్క, ఆయనొక్కడే బయట ఉన్నాడని దాన్ని వదిలేసి వచ్చి కూర్చుంది.

వేదాచలం కండువా జారి నేలమీద పడింది. మోకాళ్ళు వంగాయి. చేతులు దుమ్ములో ఆనాయి. గొంతు విప్పాడు. పది ఉపనిషత్తులు పలికిన ఆ గొంతులోంచి గొర్రె అరుపు మాత్రం ఎంత పేలవంగా వచ్చిందంటే, అరుగు మీద చౌడప్ప పగలబడి నవ్వాడు. లోపల ముప్పై గొర్రెలూ నవ్వాయి. వేదాచలానికీ నవ్వొచ్చింది. నవ్వుతూ, పాకుతూ, వెనక సింగడి వెచ్చటి ఊపిరి పిక్కలకు తగులుతుంటే లోపలికి వచ్చాడు.

తాత తడిక మూశాడు.

సింగడు అందరినీ ఒకసారి చూశాడు. తడికకు అడ్డంగా పడుకున్నాడు. వేదాచలం ముద్దలో ఒక తునక తుంచి వాడి నోటి దగ్గర పెట్టాడు. వాడు తిన్నాడు. రెండో తునక తిన్నాడు. తర్వాత ఓపిక పట్టలేక పళ్ళెంలోనే మూతి పెట్టేశాడు.

"మంద దొడ్డిలో పడేదాకా కాపలా కుక్క ముద్ద ముట్టదప్పా," అన్నాడు తాత కంబళి దులుపుకుంటూ. "పదమూడేండ్లు అట్లే తిన్నాడు. బీరప్పకు సెప్పల్లని తోచలేదు. నీళ్ళు తడిగా ఉంటాయని ఎవురన్నా సెప్తారా? నేనూ సిన్నప్పుడు గొర్రెలు కాసినోన్నే. పోయేటప్పుడు నాకూ తోచలేదు."

"మనం గొర్రెలం కాదని వాడికి తెలియదా తాతా?"

"తెలీకేం," అన్నాడు తాత. "కాయనీకి ఎవురో ఒగరు ఉండల్ల. వానికి అంతే."

చుట్టూ నవ్వులు, దుమ్ము, తొమ్మిది కుక్కల అరుపులు. మేస్త్రి వచ్చీరాగానే రాణెమ్మ గోనెపట్టా మీద పడుకుని గురక మొదలుపెట్టాడు, రాణెమ్మ చుట్టూ తిరిగి అరుస్తోంది. ఆ గోలలో చౌడప్ప అరుగు దిగి వచ్చి తాతకు నమస్కారం చేశాడు.

"తాతా, మా మఠానికి ఎవుర్ని పంపిస్తావు?"

తాత వేదాచలం వైపు తిరిగాడు. ఆయన నేలమీద మఠం వేసుకుని రెండో ముద్దను మజ్జిగలో పిసుకుతున్నాడు. చెంపల మీద దుమ్ము చారలు కట్టింది. ఒకేసారి ఎక్కువ పెడితే కడుపునొప్పి వస్తుందేమో, ఎంత పెట్టాలని సుంకమ్మతో గొడవపడుతున్నాడు.

"వేదాచలం, పోతావా?" అన్నాడు తాత.

ఆయన తలెత్తాడు. "ఎక్కడికి తాతా?"

నిజంగానే గుర్తులేదు.

తాత చౌడప్పను చూసి అన్నాడు, "ఈయన్ను తీస్కపోండి."

వేదాచలానికి అప్పుడు గుర్తొచ్చింది. మొహంలో సంతోషానికి బదులు గాభరా కనబడింది. చెయ్యి సింగడి వీపు మీదికి పోయింది.

"తాతా, మరి వీడు?"

"వాన్ని ఇడిసిపెట్టి పొమ్మని నేనెప్పుడు సెప్తినప్పా?"

పది రోజులు పోయాక, సింగడి పక్కటెముకల మీద కాస్త కండ పట్టాక, ఎర్రొంకపల్లికి ఎద్దులబండి కట్టారు. బండిలో గోనెపట్టా, ఆముదం సీసా, సింగడు, వాడి పక్కన వేదాచలం.

ఊరు ఊరంతా మఠం ముందు చేరింది. మామిడాకుల తోరణం కట్టారు. వేదిక వేసి, మైకు పెట్టి, కుర్చీ మీద కొత్త శాలువా పరిచారు. నెమళ్ళకోన నుంచి వచ్చిన పండితుడి తొలి పలుకులు వినాలని పిల్లల్ని కూడా నిశ్శబ్దంగా కూర్చోబెట్టారు. వేదాచలం కుర్చీలో కూర్చున్నాడు. ఏడేళ్ళు మనసులో కూర్చున్న కుర్చీ అదే.

"మొదలుపెట్టండి సామీ," అన్నాడు చౌడప్ప.

పొద్దు వాలుతోంది. వేదిక కింద సింగడు లేచి నిలబడి, కొత్త చోటు నాలుగు మూలలూ చూస్తున్నాడు.

వేదాచలం మైకును పక్కకు జరిపాడు. శాలువా తీసి తలమీద కప్పుకున్నాడు. వేదిక దిగి, ఊరంతా చూస్తుండగా నడిచి మఠం గేటు బయట దారిలో నడుం వంచాడు.

జనం బిత్తరపోయారు. చౌడప్ప ఒక్కడే నవ్వు ఆపుకుంటూ తెల్లపంచె ఎగగట్టి, ఆయన పక్కకు చేరాడు.

సింగడి తోక ఆడింది.